బ్లాగువ్రాత సాహిత్యము కాదా?

ఇటీవల మేడ్చలులో జరిగిన యొక సాహిత్యగోష్ఠియందు పెద్దలొకరు, బ్లాగులలో వ్రాయునది సాహిత్యము గాదు, వట్టి కాలక్షేపమని తీర్పు చెప్పిరి. సభలో కరతాళధ్వనులు చెలరేగినవి. శామీర్‌పేట ప్రాంతమున తాను పెరిగిన ద్రాక్షతోటలను గూర్చి పదేండ్లుగా బ్లాగులో వ్రాయుచున్న యువతి యొకతె మాఱు పలుకక లేచిపోయినది. ఆమె పలుకలేదు గనుక మేము పలుకవలసియున్నది.

ఆ పెద్దలయెడ మాకు గౌరవము కలదు. వారి వాదమున సత్యాంశము లేకపోలేదు. బ్లాగునకు సంపాదకుడు లేడు. తప్పొప్పులు దిద్దువాడు లేడు. మనసునకు తోచినదెల్ల రాత్రికి రాత్రియే లోకమునకు వెల్లడియగును. అందు తాలు మెండు, గింజ తక్కువ. ఒప్పుకొనుచున్నాము. కాని అచ్చుపుస్తకములలో తాలు లేదా? సొమ్ము చెల్లించినచో నెవ్వరి గ్రంథమునైనను అచ్చొత్తి యిచ్చువారు నగరమున లేరా? అట్టి గ్రంథమునకు ఆవిష్కరణసభ, శాలువ, సన్మానము! బ్లాగునకు చదువకమునుపే తిరస్కారము! తూర్పారబట్టుటకు బద్ధకించి కల్లమునే తగులబెట్టుట యేపాటి వివేకము?

పత్రిక యొకనాటిది, మఱునాడు పొట్లములు కట్టుటకు పోవును. అయినను పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి ‘సాక్షి’ వ్యాసములు సువర్ణలేఖ, ఆంధ్రపత్రికలలో వెలువడినవే. ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకీయములు కృష్ణాపత్రికలో వచ్చినవే. వానిని నేడు సాహిత్యము గాదను సాహసికుడెవ్వడు? నిలిచినది వ్రాత, కాగితము గాదు.

తెలంగాణమువారికి ఈ తిరస్కారము క్రొత్తది గాదు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని యొక పండితుడు వ్రాసినప్పుడు, గోలకొండపత్రిక సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు వాగ్వాదముతో తృప్తిపడలేదు. 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. కవులు లేక గాదు, అచ్చు లేక వారు కనబడలేదని లోకము గ్రహించినది. అచ్చునకెక్కనిది లేనేలేదనుకొనుట నాటి భ్రమ. అచ్చునకెక్కనిది సాహిత్యమే కాదనుట నేటి భ్రమ.

మేము న్యాయవాదులము గనుక చట్టమేమనుచున్నదో చూతము. 1957 నాటి కాపీరైటు చట్టము పట్టికలను, కంప్యూటరు ప్రోగ్రాములను గూడ సాహిత్యకృతులలో జేర్చినది. ఆ లెక్కను బ్లాగు నిస్సంశయముగ సాహిత్యమే. కాని చట్టము హక్కును కాపాడునే గాని రసమును తూచదు. కావున ఆ గెలుపు మాకక్కఱలేదు. మమ్ము కలవరపెట్టుచున్నది మఱియొక చట్టము. 1954 నాటి గ్రంథసమర్పణ చట్టము ననుసరించి, ప్రచురణకర్త తన ప్రతి గ్రంథమునకు నొక ప్రతిని కోల్‌కతా జాతీయ గ్రంథాలయమునకును మఱికొన్ని గ్రంథాలయములకును పంపవలెను. అందు గ్రంథమనగా అచ్చైనది, లేదా శిలాముద్రణము పొందినది. కడు నీరసమైన పుస్తకమునకును అచ్చట నొక అర కలదు. ఎంత సరసమైన బ్లాగునకైనను లేదు. బ్రిటను దేశమున 2013 నుండి అంతర్జాల ప్రచురణములను గూడ సేకరించి భద్రపఱచు నిబంధన యమలులోనికి వచ్చినది.

ఇది మాటల తగవు గాదు. 2009లో జియోసిటీసు మూతపడినది. 2020లో యాహూ గుంపులు మూతపడినవి. ఆ గుంపులలో తెలుగువారి సాహిత్యచర్చలును గలవు. కాగితమునకు చెదలు పట్టుటకు ఏండ్లు పట్టును. అంతర్జాలపు పుట యొక్క దినమున మాయమగును.

మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతమున నొకప్పుడు అనాబ్-ఏ-షాహీ ద్రాక్షపందిళ్లు విస్తారముగ నుండెడివి. నేడా నేలలో పెక్కుచోట్ల ప్లాట్ల హద్దురాళ్లు నిలిచినవి. పందిటి నీడను పనిచేసిన కూలి స్త్రీల బ్రతుకు మాకే గ్రంథమునను కనబడలేదు. ఆ యువతి బ్లాగులో కనబడినది. కత్తెర పట్టి పట్టి వంకరవోయిన తన తల్లి వ్రేళ్లను గుఱించి ఆమె వ్రాసిన పుటను మేము రెండుమారులు చదివితిమి. అది సాహిత్యము గాదన్నచో, సాహిత్యమన నేమో ఆ పెద్దలే సెలవియ్యవలెను.

కావున అకాడమీలును జిల్లా గ్రంథాలయసంస్థలును బ్లాగులను చదివించి, మేలైనవానిని ఏరి, సంచికలుగ ప్రకటింపవలెను. 1954 నాటి చట్టమును కాలానుగుణముగ సవరింపవలెను. బ్లాగులు వ్రాయువారికిని ఒక మాట: సంపాదకుడు లేనిచో సంపాదకత్వమును మీ పనియే. దిద్దుకొనక ప్రకటించి సాహిత్యగౌరవము కోరుట న్యాయము గాదు.

పాఠకమహాశయులారా! మీ యూరిని గూర్చి యెవ్వరేమి వ్రాయుచున్నారో వెదకి చదువుడు. మంచిది కనబడినచో వారి యనుమతితో ప్రతి దీసి మీ గ్రంథాలయమున నుంచుడు. ఆ యువతి మాఱు పలుకక వెళ్లినది. ఇక వ్రాయుటయే మానినచో ఆ దోషమామెది గాదు. చప్పట్లు గొట్టిన మనది.