కించిజ్ఞుని నిర్ణయం

వివాహసంబంధమైనా, శస్త్రచికిత్సయైనా "సర్వం తెలిసిన పిదపనే నిశ్చయిస్తాము" అనే భక్తులు స్వామి సన్నిధికి తరచుగా వస్తుంటారు. ఇది వివేకంవలె భాసించే భ్రాంతి. జీవుడు కించిజ్ఞుడు, సర్వజ్ఞుడు ఈశ్వరుడొక్కడే.

1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం పొందిన అమెరికా పండితుడు హెర్బర్ట్ సైమన్ కూడ మానవబుద్ధి పరిమితమనే ప్రతిపాదించాడు. సమాచారం, కాలం, గణనశక్తి స్వల్పాలు గనుక మానవుడు సర్వోత్తమాన్ని వెదకజాలడు; తానేర్పరచుకొన్న ప్రమాణానికి సరిపడినది లభించగానే అన్వేషణ విరమిస్తాడు. సులభంగా లభిస్తే ఆ ప్రమాణం పెరుగుతుంది, లభించకుంటే తగ్గుతుంది అని ఆయన సిద్ధాంతం.

ఇక్కడనే శాస్త్రం ఆవశ్యకం. ప్రమాణాన్ని కామానికి విడిచితే ఎన్ని సంబంధాలు చూచినా తృప్తి కలుగదు. నైరాశ్యానికి విడిచితే అధర్మమూ సమ్మతమే అనిపిస్తుంది. దానిని ధర్మమే నిర్ణయించాలి. పెద్దలను, వైద్యుని విచారించి, ధర్మసమ్మతమైనది లభించగానే సంకల్పించండి. తెలియని శేషాన్ని ఈశ్వరార్పణం చేయండి.