పసుపు డబ్బా నేర్పిన పాఠం

మా స్నేహితుల వాట్సాప్ గుంపులో రోజుకో ఆరోగ్య సూత్రం వస్తుంది. మైక్రోవేవ్ పారెయ్యండి, నాన్‌స్టిక్ పెనం పారెయ్యండి, ప్లాస్టిక్ సీసాలు పారెయ్యండి, మన అమ్మమ్మలు తిన్నదే తినండి... ఇలా. నవ్వుతున్నానని అనుకోకండి, నేనూ ఆ బాపతే. ఒకప్పుడు ఇలాంటివి పదిమందికీ పంపినవాణ్ణే. పంపడమే కాదు, పాటించాను కూడా. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న నాన్‌స్టిక్ పెనం అవతల పడేసి ఇనప పెనం పెట్టాను. దోసె ఊడిరాని ఆ మొదటి నెల గురించి మాత్రం ఆవిణ్ణి అడక్కండి :)

అంచేత ఇప్పుడు నేను చెప్పబోయేది అవతలి పక్షం వాడి వెక్కిరింత కాదు. మన పక్షం వాడి మొర.

మేం ఉండేది న్యూజెర్సీలో. అక్కడ పిల్లలకి ఏడాది నిండాక ఒకసారి, రెండేళ్ళు నిండాక ఒకసారి రక్తంలో సీసం ఎంతుందో చూడాలని నిబంధన. 2019లో మావాడికి రెండేళ్ళప్పుడు చేసిన పరీక్షలో డెసిలీటరుకి 9 మైక్రోగ్రాములని వచ్చింది. వేలికి గుచ్చి తీసిన రక్తంలో ఒక్కోసారి తప్పు వస్తుందిలెండి, చేతి నరం నుంచి తీసి మళ్ళీ చేద్దాం అంది డాక్టరు. మళ్ళీ చేస్తే 8. అప్పటికి అమెరికా సీడీసీ గీసిన గీత 5. (2021లో దాన్ని 3.5కి దించారు. అలాగని అంతకన్నా తక్కువుంటే భయం లేదని కాదు, పిల్లలకి సీసం ఇంతవరకు ఫర్వాలేదు అనే అంకె ఏదీ లేదు.)

సీసంతో వచ్చిన చిక్కేమిటంటే, ఒంటికి అది కాల్షియంలా కనబడుతుంది. కాల్షియం వెళ్ళే దారిలోనే వెళ్ళి ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. పెద్దవాళ్ళకన్నా పసిపిల్లల పేగులు దాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. జ్వరం రాదు, వాంతి కాదు, పిల్లాడు చక్కగా ఆడుకుంటూనే ఉంటాడు. దెబ్బ తగిలేది ఎదుగుతున్న మెదడుకి. చదువులో, ఏకాగ్రతలో అది ఎప్పటికో బయటపడుతుంది. ఆ రాత్రి ఇదంతా చదివి నేనూ మా ఆవిడా నిద్రపోలేదు.

కౌంటీ ఆరోగ్య శాఖ నుంచి ఒకావిడ వచ్చింది. తుపాకీలాంటి ఎక్స్‌రే పరికరంతో గోడలు, కిటికీలు, బొమ్మలు అన్నీ చూసింది. అమెరికాలో ఇళ్ళకి సీసం రంగులు 1978లోనే నిషేధించారు, మా అపార్టుమెంటు ఆ తరవాత కట్టిందే. గోడల్లో ఏమీ లేదు, కొళాయి నీళ్ళలోనూ లేదు. అప్పుడు వంటింట్లోకి వచ్చి, ఇండియా నుంచి తెచ్చుకున్న పొడులేమైనా ఉన్నాయా అని అడిగింది. కాటుక, కుంకుమ, నాటు మందులు కూడా చూపించమంది. నాకు కొంచెం రోషం కూడా వచ్చింది, మా తిండినే అనుమానిస్తున్నారే అని.

సీసం దొరికింది పసుపులో. మా అమ్మ వస్తూ వస్తూ ఊళ్ళో ఎరిగున్న కొట్లో విడిగా కొని తెచ్చిన రెండు కిలోల పసుపు. "మీ అమెరికా ప్యాకెట్లలో ఏం కలుస్తుందో ఏమోరా" అని మోసుకొచ్చింది. ల్యాబు రిపోర్టులో ఉన్న అంకె మన దేశంలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పసుపుకి పెట్టిన హద్దుకి (కిలోకి 10 మిల్లీగ్రాములు) ఎన్నో రెట్లు.

అమ్మకి చెప్పడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. మావాడికి జలుబు చేసినప్పుడల్లా పాలలో పసుపు వేసి తాగించింది ఆవిడే. "పసుపులో విషమేంట్రా" అంది. ఆ తరవాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అసలు పసుపులోకి సీసం ఎలా వస్తుంది? నేలలోంచి వచ్చేది కొద్దిపాటే. పెద్ద మోతాదులో కనబడిందంటే మనిషి కలిపినట్టే లెక్క. రోడ్ల మీద గీతలకీ యంత్రాలకీ వేసే మెరిసే పసుపు రంగుల్లో ఒకటి లెడ్ క్రోమేట్. సరిగా ఎండక రంగు చెడిన కొమ్ములకి మెరుగు పట్టేటప్పుడు దాన్ని దట్టిస్తారు. బంగ్లాదేశ్‌లో ఇది 1980లలో మొదలైందట. వరదలకి తడిసి రంగు వెలిసిన పసుపుని కొనేవాడు లేకపోతే వర్తకులు ఈ దారి కనిపెట్టారు. జనానికి నచ్చింది, అలవాటైపోయింది. అక్కడి గర్భిణుల రక్తంలో సీసం ఎందుకు ఎక్కువుందా అని స్టాన్‌ఫర్డ్ వాళ్ళూ బంగ్లాదేశ్ శాస్త్రవేత్తలూ వెతికి, సీసపు ఐసోటోపులు పోల్చి చూసి, మూలం పసుపేనని 2019లో తేల్చారు. అదే బృందం వాళ్ళు 2024లో భారత్, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకల్లో 23 నగరాల పసుపు పరీక్షించి వేసిన పత్రంలో పట్నా, గువాహటి, చెన్నైల పేర్లూ ఉన్నాయి.

ఇప్పుడు మన సంగతికొద్దాం. ఆఫీసులో మనం రాసిన ప్రతి లైనునీ పక్కవాడిచేత రివ్యూ చేయిస్తాం. ఎవడో ఎక్కడో రాసిన లైబ్రరీని మాత్రం "అందరూ వాడుతున్నారుగా" అని కళ్ళు మూసుకుని లాగేస్తాం. నా వంటిల్లు సరిగ్గా అలాగే నడిచింది. పెనం మీద, సీసా మీద, మైక్రోవేవ్ మీద అంత అనుమానపడ్డవాణ్ణి పసుపు డబ్బాని ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఎందుకంటే అది "మనది", "సహజం".

సహజం అన్న మాట మూలాన్ని చెప్పదు, భరోసాని మాత్రం అమ్ముతుంది. ఆయుర్వేదం పేరుతో అమ్మే మందులదీ అదే కథ. బోస్టన్ చుట్టుపక్కల కొట్లలో కొన్న 70 మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉన్నట్టు 2004లో జామా పత్రికలో వేశారు.

అలాగని మా అమ్మమ్మ తప్పు చేసిందా? లేదు. ఆవిడ పెరట్లో పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, రోట్లో దంచుకునేది. ఆ పొడి ఇంత మెరిసేది కాదు, కాస్త మట్టి రంగులోనే ఉండేది. స్వావలంబన అంటే అది. నేను చేసిందల్లా ఆ వేషం వేసుకోవడం. కొట్లో కొన్నదాన్ని ఊరి పసుపు అని పేరు పెట్టి అమ్మమ్మ ఖాతాలో రాసేశాను. పైగా ఆ మెరుపు చూసి మురిసిపోయిందీ నేనే. వర్తకుడు రంగు కలిపేది మనలాంటి మురిపెంగాళ్ళు ఉండబట్టే.

"అయితే కంపెనీ ప్యాకెట్లే కొనమంటావా?" అన్నాడు ఒక స్నేహితుడు. ప్యాకెట్ అయినంత మాత్రాన పవిత్రం కాదు. కాకపోతే తయారుచేసిన బ్యాచ్‌కి నంబరూ, పరీక్షకి కాగితమూ, తేడా వస్తే నిలదీయడానికి ఒక చిరునామా ఉండాలంటాను. విడి పసుపులో ఈ మూడూ లేవు. గ్లాసు నీళ్ళలో వేసి చూడండి అనే చిట్కాలతో సీసం లెక్క తేలదు, దానికి ల్యాబే కావాలి.

ఇంకో మాట. ఒక్కొక్కళ్ళం ఒక్కో మొక్క పెంచుకుంటే ఇది తీరే సమస్య కాదు. బంగ్లాదేశ్ ప్రభుత్వం మార్కెట్లలో నోటీసులు అంటించి, పరికరాలతో అక్కడికక్కడే పరీక్ష చేసి, 2019లో ఇద్దరు టోకు వర్తకులకి అందరూ చూస్తుండగా జరిమానా వేసింది. ఆ ఏడాది మార్కెట్ నమూనాల్లో 47% కల్తీవి. 2021కి సున్నా! మిల్లుల్లో పనిచేసేవాళ్ళ రక్తంలో సీసం కూడా సుమారు 30% తగ్గింది. మన పొరుగు దేశం రెండేళ్ళలో చేసిన పని ఇది. మనవాళ్ళు మాత్రం చెయ్యలేరా? మనం అడగాలి, అంతే.

మావాడికి మందులేమీ వాడలేదు, ఆ మోతాదుకి అక్కర్లేదన్నారు. పసుపు ఆపమన్నారు, ఇనుమూ కాల్షియమూ బాగా పెట్టమన్నారు. అవి తగ్గితే ఒళ్ళు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటుందట. ఆ మాట వినగానే మా అమ్మ లేచి రాగి జావ కాచడం మొదలుపెట్టింది. రోజూ రెండు పూటలా, పారాయణంలాగా. మూడు నెలలకి 5, ఏడాదికి 2. ఇప్పుడు వాడు బడికెళ్తున్నాడు, ఎప్పుడైనా లెక్కల్లో తడబడితే నాకు గుండె ఝల్లుమంటుంది. అది సీసమా, వాళ్ళ నాన్న పోలికా అన్నది ఎప్పటికీ తెలియదు.

ఇనప పెనం ఇంకా వాడుతున్నాం. దోసెలు ఇప్పుడు బాగానే వస్తున్నాయి. ఈసారి ఊరెళ్ళినప్పుడు మాత్రం అమ్మ పండించేవాళ్ళ దగ్గరికే వెళ్ళి మెరుగు పట్టని కొమ్ములు తీసుకుని, దగ్గరుండి మిల్లులో ఆడించింది. నేను వాటిలో కాస్త తీసి ల్యాబుకి పంపించాను. "నా మీదే అనుమానమా" అని అడుగుతుందేమోనని భయపడ్డాను. "రిపోర్టు వచ్చిందాకా డబ్బా మూత తియ్యకండి" అంది.