పరీక్షలు చేయించి రిపోర్టు చదవకపోతే ఎలా?

"ధ్రువాల వద్ద మంచు కరిగితే సూర్యాపేటకు వచ్చే నష్టమేమిటి?" అని అడిగేవారు ఉన్నారు. సామాన్యుడు అడిగితే అది సందేహం. ప్రణాళికలు రచించవలసిన పాలకులు కూడా అదే ధోరణిలో ఉంటే అది నిర్లక్ష్యం.

పాఠకులారా! ధ్రువ పరిశోధన పరదేశీయుల వ్యవహారమని భావించకండి. తొలి భారతీయ దళం 1981లోనే అంటార్కిటికాకు బయలుదేరింది. నేడు అక్కడ మైత్రి, భారతి కేంద్రాలు, ఆర్కిటిక్‌లో 2008 నుండి హిమాద్రి కేంద్రం ఉన్నాయి. వీటిని గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం నిర్వహిస్తున్నది. ఆర్కిటిక్ మార్పులు మన దేశ వాతావరణంపై చూపే ప్రభావాన్ని అవగాహన చేసుకోవడం తన లక్ష్యాలలో ఒకటని కేంద్ర ప్రభుత్వం 2022 నాటి ఆర్కిటిక్ విధానంలో స్వయంగా ప్రకటించింది. ఇదంతా మన పన్నుల సొమ్ముతో చేయించిన పరీక్ష. మరి రిపోర్టును చదువుతున్నదెవరు?

ఆ రిపోర్టులో ఏమున్నదో చూడండి. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలి బుడగలు 8 లక్షల సంవత్సరాల భూమి ఆరోగ్య చరిత్రను చెబుతున్నాయి. అంతకాలంలో ఎన్నడూ గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు 300 భాగాలు దాటలేదు. నేడది 420 దాటింది. తెల్లని మంచు సూర్యకాంతిని తిప్పికొడుతుంది; అది కరిగి బయటపడిన నల్లని నీరు వేడిని పీల్చుకుంటుంది. అందువల్ల జ్వరమే జ్వరాన్ని పెంచుతున్నది.

గోవా కేంద్రపు శాస్త్రవేత్తలు 2021లో మరొక సంగతి వెల్లడించారు. ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, సెప్టెంబరులో మధ్య భారతంలో కురిసే అతి భారీ వర్షాలకూ సంబంధం ఉండే అవకాశం ఉన్నదని వారి పరిశోధన సారాంశం.

2024 సెప్టెంబరు 1 నాటి వరదలను తలచుకోండి. కోదాడ వీధులలో కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలం రామచంద్రాపురం వద్ద సాగర్ ఎడమ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి. ఆ వానకు కారణం ఆర్కిటిక్ మంచేనని నేను అనడం లేదు. అలా అనడం శాస్త్రం కాదు. రక్తపోటు ఎక్కువగా ఉన్న మనిషికి పక్షవాతం ఏ రోజు వస్తుందో ఏ వైద్యుడూ చెప్పలేడు. అంతమాత్రాన మందు వాడవద్దని అంటామా? ముప్పు పెరిగినదని తెలిసిననాడే జాగ్రత్త మొదలు కావాలి.

ఎండల విషయమూ అంతే. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ అంతర్భాగమైన నాటి నల్లగొండ జిల్లా తీవ్రంగా నష్టపోయిన వాటిలో ఒకటి. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. సంతోషమే. కానీ మరణించిన తరువాత ఇచ్చే సొమ్ము చికిత్స కాజాలదు.

చికిత్స ఏమిటంటే, ధ్రువ పరిశోధన ఫలితాలను జోడించి జిల్లా విపత్తు ప్రణాళికను ఏటా సవరించాలి. దానిని తెలుగులో ప్రజల ముందు ఉంచాలి. ఆగస్టు ముగియకముందే కాలువ కట్టలను, చెరువు కట్టలను పరీక్షించాలి. నాలాలపై ఆక్రమణలను తొలగించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పాముకాటు మందు సిద్ధంగా ఉండాలి. మిర్యాలగూడ రైసు మిల్లులలో బస్తాలు మోసే హమాలీలకు మిట్టమధ్యాహ్నం విశ్రాంతి, నీడ, చల్లని నీరు చట్టబద్ధమైన హక్కు కావాలి. బొగ్గు, పెట్రోలు వాడకం తగ్గించనిదే ఈ జ్వరం మూలం పోదన్నది కూడా మరువరాదు.

వీటిలో ఒక్కటీ అసాధ్యం కాదు. ఈసారి గ్రామసభకో, మున్సిపల్ కార్యాలయానికో వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "మన విపత్తు ప్రణాళిక ఏది? దానిని చివరిసారి సవరించినది ఎప్పుడు?" జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.