చీటీ రాశాక మొదలయ్యే వైద్యం

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు మంచి మందులున్నాయి. అయినా వాటిని సరిగ్గా వాడించే మనిషి దగ్గర్లో లేక ఎందరివో వేళ్లు వంకరపోతున్నాయి. పొద్దున లేచాక గంట దాటినా పిడికిలి బిగియనివ్వని ఈ కీళ్లవాతం మగవారికంటే ఆడవారిలోనే రెండుమూడు రెట్లు ఎక్కువ. తిరువూరు చుట్టుపక్కల మిరపకోతకు, పత్తితీతకు వెళ్లే మహిళకు ఆ వేళ్లే జీవనాధారం. పెద్ద డాక్టరుకు చూపించుకోవాలంటే విజయవాడ బస్సెక్కాలి, తనతోపాటు తోడొచ్చిన మనిషి కూలీ వదులుకోవాలి. తీరా వెళ్తే డాక్టరు ముందు కూర్చునేది కొద్ది నిమిషాలే. ఆ తర్వాతి నెలల్లో ఆమెను కనిపెట్టుకుని ఉండే బాధ్యతను ఊళ్లోని నర్సుకు అధికారికంగా అప్పగించాలి.

ఈ జబ్బుకు ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్‌నే చూడండి. వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మాత్ర అది. బీపీ మాత్రలా రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. ఈలోగా నొప్పి తగ్గలేదని మందు మానేసి స్టెరాయిడ్ సూదికో, నాటుమందుకో వెళ్లే ప్రమాదం ఉంది. రక్తం, కాలేయం పరీక్షలు తప్పకూడదు. బిడ్డను కనాలనుకుంటే డాక్టరును అడిగి ముందే మందు ఆపాలి. మాత్రల అట్టమీద ‘ఆదివారం మాత్రమే’ అని రాసివ్వడం, ఫోలిక్ యాసిడ్ ఎప్పుడు వేసుకోవాలో చెప్పడం, వేళ్ల కణుపులు నొక్కి వాపు చూడటం, పరీక్షల తేదీ గుర్తుచేయడం నర్సు చక్కగా చేయగల పనులు.

నర్సు డాక్టరుకు సాటి వస్తుందా అని కొందరు అడగవచ్చు. రోగనిర్ధారణ, మందు ఎంపిక డాక్టరువే. ఆ తర్వాతి పర్యవేక్షణపై బ్రిటన్‌లో 10 కేంద్రాల్లో 181 మందితో చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. నర్సులు చూసినవారి ఫలితాలు నిపుణ డాక్టర్లు చూసినవారికి తీసిపోలేదని అది తేల్చింది. అక్కడివారు ఇందులో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులన్నది నిజమే. అందుకే ఇక్కడా ముందు శిక్షణ కావాలి. మన గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీలు (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు) ఇప్పటికే బీపీ, షుగర్ రోగులను చూస్తున్నారు కాబట్టి పునాది సిద్ధంగానే ఉంది.

ఉన్న పనికే తీరిక లేదన్న నర్సుల మాట న్యాయమైనది. చేతులు పెంచకుండా పని పెంచితే ఈ ఆలోచన మొదట్లోనే కుంటుపడుతుంది. రికార్డుల భారం తగ్గించాలి, ఖాళీలు నింపాలి, అదనపు నైపుణ్యానికి తగిన జీతం, హోదా ఇవ్వాలి. సందేహం వస్తే ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో నిపుణుడు దొరకాలి. బీపీ, షుగర్ రిజిస్టర్ల పక్కన కీళ్లవాతానికీ ఒక రిజిస్టర్ తెరవడంతో ప్రభుత్వం ఈ పని మొదలుపెట్టవచ్చు. ఒకసారి దెబ్బతిన్న కీలు మళ్లీ మునుపటిలా కాదు గనుక ఆలస్యం చేయకూడదు.