తీర్పరికే తీర్పు చెప్పేదెవరు?

ఊళ్లో గట్టు తగాదా. అన్నదమ్ములిద్దరూ కలిసి ఓ పెద్దమనిషిని పంచాయితీకి పిలిచారు. ఆయన మాటంటే అందరికీ గురే. తీరా ఆరా తీస్తే, రెండ్రోజుల కిందటే ఆయన అన్న బండెక్కి తీర్థానికి వెళ్లొచ్చాడని తేలింది. 'అయితే ఏంటి? నేను న్యాయమే చెబుతాను' అంటాడాయన. నిజంగానే చెప్పొచ్చు. కానీ, తమ్ముడు ఆ తీర్పును నమ్మేదెలా?

సరిగ్గా ఇదే పేచీ అమెరికా సుప్రీంకోర్టులోనూ వచ్చింది.

బాతుల వేట... ఓ కేసు

2001లో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ఇంధన విధానం కోసం ఓ బృందాన్ని నడిపించారు. అందులో చమురు కంపెనీల పెద్దల హస్తం ఎంతో తేల్చాలనీ, కాగితాలు బయటపెట్టాలనీ సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థ కోర్టుకెళ్లింది. కేసు వినడానికి 2003 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మూడు వారాలు తిరిగాయో లేదో, ఆ కోర్టు న్యాయమూర్తుల్లో ఒకరైన ఆంటొనిన్ స్కాలియా లూసియానాలో బాతుల వేటకు బయల్దేరారు. ఎవరితోనో తెలుసా... చెనీతోనే! అదీ చెనీ ప్రయాణించే ప్రభుత్వ విమానంలో.

'మీరు ఈ కేసు నుంచి తప్పుకోండి' అని సియెర్రా క్లబ్ అడిగింది. 2004 మార్చిలో స్కాలియా 21 పేజీల జవాబు రాశారు. తప్పుకోనన్నారు. కేసు ఊసే ఎత్తలేదన్నారు. ఇది చెనీ సొంత ఆస్తి గొడవ కాదు, ఆయన పదవికి సంబంధించిన వ్యవహారం, కాబట్టి స్నేహం అడ్డు కాదన్నారు. ఇంకో మాటా చెప్పారు... కింది కోర్టుల్లో ఒకరు తప్పుకుంటే మరొకరు వచ్చి కూర్చుంటారు. సుప్రీంకోర్టులో అలా కుదరదు. తొమ్మిదిమందిలో ఒకరు లేస్తే మిగిలేది ఎనిమిదిమందే. నలుగురు అటు, నలుగురు ఇటు అయితే కేసు తేలేదెట్లా?

జూన్‌లో 7-2తో కేసు మళ్లీ కింది కోర్టుకే వెళ్లింది. స్కాలియా లేకపోయినా ఫలితం మారేది కాదు. అయినా ఆ తీర్పు పేరెత్తితే జనానికి గుర్తొచ్చేది మాత్రం బాతులే!

కుర్చీ కోసం కుస్తీ

అక్కడ సుప్రీంకోర్టు న్యాయమూర్తిని దేశాధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు. వందమంది సభ్యుల సెనేట్ ఆమోదించాలి. ఒకసారి కూర్చున్నాక పదవీ విరమణ వయసంటూ ఉండదు. జీవితాంతం ఉండొచ్చు. అందుకే ఆ కుర్చీకి అంత గిరాకీ.

1986లో ఇదే స్కాలియాకు సెనేట్‌లో 98 ఓట్లు వచ్చాయి. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. ఆ మరుసటి ఏడాదే గాలి మారింది. రీగన్ ప్రతిపాదించిన రాబర్ట్ బోర్క్‌ను, డెమొక్రాట్ల ఆధిక్యం ఉన్న సెనేట్ 58-42తో తిప్పికొట్టింది. 2016 ఫిబ్రవరిలో స్కాలియా కన్నుమూస్తే ఆ స్థానానికి ఒబామా మెరిక్ గార్లండ్‌ను ప్రతిపాదించారు. ఎన్నికల ఏడాది కాబట్టి కొత్త అధ్యక్షుడే చూసుకుంటాడంటూ రిపబ్లికన్లు కనీసం విచారణ కూడా జరపలేదు. అదే రిపబ్లికన్లు 2020లో ఎన్నికలకు సరిగ్గా ఎనిమిది రోజుల ముందు ఏమీ కోనీ బారెట్‌కు 52-48తో ఆమోదముద్ర వేసేశారు. డెమొక్రాట్ల నుంచి ఒక్క ఓటూ పడలేదు.

ఇంత కష్టపడి ఓ కుర్చీ సంపాదించుకున్న పార్టీ, అందులో కూర్చున్న మనిషి కీలకమైన కేసులో లేచి వెళ్లిపోతుంటే చూస్తూ ఊరుకుంటుందా? అవతలి పార్టీ అయితే ఎవర్ని ఎలా లేపుదామా అని కాచుకుని ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఒబామా ఆరోగ్య బీమా చట్టం సుప్రీంకోర్టుకెళ్లినప్పుడు జరిగింది ఇదే. ఎలెనా కేగన్ అంతకుముందు ఒబామా ప్రభుత్వం తరఫున వాదించే సొలిసిటర్ జనరల్, కాబట్టి ఆమె తప్పుకోవాలన్నారు చట్టం వద్దన్నవాళ్లు. క్లారెన్స్ థామస్ భార్య ఆ చట్టానికి వ్యతిరేకంగా ప్రచారం చేస్తున్నారు, కాబట్టి ఆయనే తప్పుకోవాలన్నారు కావాలన్నవాళ్లు. ఇద్దరూ తప్పుకోలేదు. 2012 జూన్‌లో 5-4తో చట్టం నిలబడింది. కేగన్ అటు, థామస్ ఇటు!

చట్టం ఏమంటోంది?

నియమం లేకపోలేదు. న్యాయమూర్తి నిష్పాక్షికత మీద సహేతుకంగా సందేహం వచ్చే అవకాశం ఉంటే తప్పుకోవాలని అమెరికా చట్టంలోనే ఉంది. అంటే నిజంగా పక్షపాతం ఉందా లేదా అన్నది కాదు... చూసేవాళ్లకు అనుమానం వస్తుందా అన్నదే కొలబద్ద. కానీ సుప్రీంకోర్టులో ఆ కొలబద్ద పట్టుకునేది ఎవరు? సదరు న్యాయమూర్తే! పైన అడిగేవాళ్లు లేరు. 2023 నవంబరులో ఆ కోర్టు తొలిసారి తనకంటూ ఓ ప్రవర్తనా నియమావళి రాసుకుంది. దాన్ని అమలు చేయించే యంత్రాంగం మాత్రం అందులో లేదు.

విచిత్రమేంటంటే, ఇతరుల విషయంలో ఆ కోర్టే గట్టిగా మాట్లాడింది. వెస్ట్ వర్జీనియాలో న్యాయమూర్తుల్ని ఓట్లేసి ఎన్నుకుంటారు. 5 కోట్ల డాలర్ల కేసు ఓడిపోయిన ఓ బొగ్గు కంపెనీ అధిపతి, 2004 ఎన్నికల్లో ఓ అభ్యర్థిని గెలిపించడానికి 30 లక్షల డాలర్లు ఖర్చుపెట్టాడు. ఆ గెలిచినాయన ఆ కంపెనీ అప్పీలు విచారణలో కూర్చున్నాడు. 3-2తో కంపెనీయే గెలిచింది! 'ఆయన కూర్చోవడమే తప్పు' అని 2009లో సుప్రీంకోర్టు తేల్చింది. అది కూడా 5-4తోనే.

లేచి వెళ్లినవాళ్లూ ఉన్నారు

కేతంజీ బ్రౌన్ జాక్సన్ 2022లో సెనేట్ ముందు ఓ మాటిచ్చారు. తాను హార్వర్డ్ పర్యవేక్షణ మండలిలో సభ్యురాలిని కాబట్టి, ప్రవేశాల్లో జాతి ప్రాతిపదిక మీద ఆ విశ్వవిద్యాలయంపై నడుస్తున్న కేసు వినబోనన్నారు. అన్నట్టే చేశారు. 2023లో నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం కేసు 6-3తో తేలితే, దాని జంట కేసు హార్వర్డ్‌ది 6-2తో తేలింది. తన పక్షానికి ఓ ఓటు తగ్గుతుందని ఆమెకు తెలియదా?

మన దగ్గరా అలాంటి సందర్భం ఉంది. 2021లో శ్రీశైలం నీళ్లతో తెలంగాణ చేస్తున్న విద్యుదుత్పత్తి మీద ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకెక్కింది. కేసు వచ్చింది అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ ముందుకు. ఆయనది అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం. న్యాయవాదిగా పేరు తెచ్చుకున్నది హైదరాబాద్‌లో. తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాడినని, న్యాయపరంగా ఈ కేసు విననని ఆయనే చెప్పారు. కావాలంటే మధ్యవర్తిత్వంతో పరిష్కరించుకోండని సలహా ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ కోర్టు తీర్పే కావాలంది. కేసు మరో ధర్మాసనానికి వెళ్లింది.

ఆయన వింటే పక్షపాతం చూపేవారని కాదు. కానీ తీర్పు ఎటొచ్చినా, ఓడిన ఒడ్డున ఉన్న రైతు ముందుగా చూసేది ఆయన ఊరి పేరునే. ఆ రైతుకు అనుమానపడే అవసరం రానివ్వకపోవడం కూడా న్యాయం చెప్పడంలో భాగమే.