ఇంటా బయటా ఇంజనీరింగు: మూత తీయని తొట్టి

ఖరగ్‌పూర్‌లోని గోల్‌బజార్, మథురాకాటి ప్రాంతాలలో తెలుగు మాట వినిపించడం వింత కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి ఉత్తరాంధ్ర వారెందరో కొలువులకై వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. వారితో పాటు ఇడ్లీ, వడ, పూరీ కూడ ఈ ఊరివే అయినవి. అయితే వడలు దించిన మూకుడు తోమిన నీరు ఎక్కడికి పోతున్నదో మనలో ఎందరం ఆలోచించాము?

ఇటీవల మాకు పరిచయమున్న ఒక భోజనశాలలో మురుగు ఎదురు తన్ని అంట్లు తోమే చోటికి వచ్చింది. యజమాని మరిగిన నీటిలో కాస్టిక్ సోడా కలిపి పోయించాడు. నీరు జారిపోయింది. మూడు రోజులకు వీధిలోని మ్యాన్‌హోల్ పొంగింది. వేడికి కరిగిన జిడ్డు ముందుకు సాగి, చల్లారిన చోట తిరిగి గడ్డకట్టినదన్న మాట! పెరటిలో జిడ్డు తొట్టి ఉన్నది. కట్టిన నాటి నుండి దాని మూత తీసినవారు మాత్రం లేరు.

గ్రీజు ట్రాప్ అని పిలిచే ఈ తొట్టి పని బహు సులువు. లీటరు వంటనూనె బరువు సుమారు 920 గ్రాములు, నీటికంటె తేలిక. నీటిని కొంతసేపు కదలకుండ నిలిపితే నూనె పైకి తేలును, మెతుకులు అడుగుకు దిగును. లోపలి అడ్డుగోడలు ప్రవాహ వేగాన్ని తగ్గించును. బయటికి పోయే గొట్టం మూతి అడుగుకు కాస్త ఎగువన, తెట్టుకు బాగా దిగువన ఉండుటచే నడిమి నీరు మాత్రమే వెలుపలికి పోవును.

ఎంతసేపు నిలపాలి? నూనె బిందువు వ్యాసం 0.1 మి.మీ. ఉంటే మీటరు ఎత్తు తేలడానికి సుమారు అరగంట పట్టును. వ్యాసం సగమైతే కాలం నాలుగింతలై రెండు గంటలగును. సబ్బు, మరిగే నీరు నూనెను సన్నని బిందువులుగా చీల్చును గనుక అవి రెండూ తొట్టికి శత్రువులే. నిమిషానికి 30 లీటర్ల నీరు వచ్చే వంటశాలకు అరగంట నిలుపుదల కావాలంటే 900 లీటర్ల తొట్టి అవసరం. పై తెట్టు, అడుగు మడ్డి కలిసి లోతులో నాలుగో వంతుకు చేరగానే శుభ్రం చేయాలి. మీటరు లోతు నీటిలో తెట్టు 15 సెం.మీ., మడ్డి 10 సెం.మీ. ఉంటే ఇక ఆలస్యం తగదు. నిండిన తొట్టి వట్టి దారి మాత్రమే.

ఇది చిన్న విషయమని అనుకోరాదు. 2017లో లండన్ వైట్‌చాపెల్ వీధి క్రింద 250 మీటర్ల పొడవున, 130 టన్నుల జిడ్డు గుట్ట బయటపడింది. మన దేశ ప్రమాణాల ప్రకారం పబ్లిక్ మురుగు కాలువలోకి వదిలే వ్యర్థజలంలో నూనె, జిడ్డు లీటరుకు 20 మిల్లీగ్రాములకు మించరాదు.

మా భోజనశాల కథకు ముగింపు మిగిలి ఉన్నది. మ్యాన్‌హోల్‌లోకి దిగడానికి ఒక కుర్రవాణ్ణి పిలుచుకొని వచ్చారు. అతడు చొక్కా విప్పి సిద్ధపడినాడు. మేము అడ్డుపడి, యంత్రం వచ్చేదాకా ఆపించాము. కుళ్ళిన మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టును. కొద్దిగా ఉంటే కుళ్ళిన గ్రుడ్డు వాసన. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసననే గుర్తించలేదు, పిదప ప్రాణమే పోవును. రక్షణ సాధనాలు లేకుండ మనిషిని మురుగులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అట్టి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షల రూపాయలుగా నిర్ణయించి, 2023లో 30 లక్షలకు పెంచింది. పరిహారం ఎంతైనా పోయిన మనిషి తిరిగి రాడు.

గృహిణులకు, గృహస్థులకు మా మనవి: జిడ్డు గిన్నెలను ముందు పాత కాగితంతో తుడిచి, తర్వాతనే నీటితో కడగండి. వాడిన నూనెను తూములో పోయకండి. హోటళ్ళలో మిగిలిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే పథకాన్ని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018లోనే ప్రారంభించింది. క్యాంటీన్ల బాధ్యులు తొట్టి మూత తీసిన తేదీని గోడమీద వ్రాయించాలి. ఆ మూత తీయడానికి మనం బద్ధకిస్తే, మరొక మూత తీసి ఎవరి బిడ్డడో లోపలికి దిగవలసి వచ్చును.