వాకిలియు కావలియు

వాకిలి లేని యిల్లు చెఱసాల. తలుపు లేని వాకిలి దొంగలకు రాజమార్గము. నేటి యంత్రవిద్యయందును ఈ మాట వర్తించునని నా యభిప్రాయము.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసిపెట్టు కృత్రిమమేధా సహాయకులు ఇప్పుడు వెలసియున్నారు. యజమానుడు దూరమున నున్నప్పుడును టెలిగ్రామ్ వంటి సందేశసాధనము ద్వారా వారికి పని చెప్పుటకై ప్లగిన్ కూర్పవచ్చును. నిర్మాణము కష్టతరము కాదు. టెలిగ్రామ్ 2015లోనే బాట్లకు త్రోవ యిచ్చెను. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, సహాయకునకును బయటి పనిముట్లకును నడుమ నొక సామాన్యభాష నేర్పఱచెను. ప్లగిన్ సందేశమును లోనికిని, ప్రత్యుత్తరమును వెలుపలికిని చేర్చును.

ప్రమాదము ఇచ్చటనే పొంచియున్నది. సహాయకుడు మన ఫైళ్లను చదువగలడు, మార్పగలడు, చెఱిపివేయగలడు. బాటు పేరు తెలిసిన యెవడైనను దానికి సందేశము పంపగలడు. యజమానుని యాజ్ఞయు అపరిచితుని మాటయు సహాయకునకు అక్షరములే. భేదమును నిశ్చయముగ నెఱుగజాలడు. కావున పంపినవాని గుర్తింపుసంఖ్యను ముందుగా పరీక్షించి, జాబితాలో లేనివాని మాటను లోనికి పోనీయరాదు. గుంపు సంఖ్యను మాత్రమే చూచుట చాలదు, గుంపులో పలువురుందురు. చెఱిపివేయుట వంటి పనులకు యజమానుని మరల నడుగవలయును.

"మొదట పని సాగనిండు, కావలి పిదప చూతము" అని కొందఱందురు. పంట పోయిన పిదప కంచె యేల? ఎవరి మాట వినవలెనో యెఱుగని సేవకుడు ఎంత నేర్పరియైనను ఇంటికి చేటే.

సోదర విద్యార్థులారా! ఇట్టి సాధనములను నిర్మింపబోవువారు మీలో గలరు. వాకిలి తెఱచుటకు ముందే కావలి నిలుపుడు.